మీ అలసటకు సరైన పేరు పెట్టుకోవడం ఎలా

"ఎలా ఉన్నావు?" అని ఎవరైనా అడిగితే మన దగ్గర రెండు జవాబులే ఉంటాయి. ఒకటి "బానే ఉన్నా", రెండోది "కొంచెం టెన్షన్‌గా ఉంది". మేనేజర్ రాత్రి పదింటికి ఫోన్ చేసినా టెన్షనే. మంచం పట్టిన అత్తమ్మకు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ నిద్ర లేకపోయినా టెన్షనే. భర్త వారం రోజులుగా ముఖం చూసి మాట్లాడకపోయినా టెన్షనే. ఇన్ని రకాల బాధలకు ఒకే పేరు పెట్టాక అందరూ చెప్పే మందు కూడా ఒకటే అవుతుంది: "కాస్త రెస్ట్ తీసుకో."

నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. మా అమ్మకు డిమెన్షియా (జ్ఞాపకాలు మెల్లగా చెరిగిపోయే జబ్బు) వచ్చి నాలుగేళ్లు దాటింది. హైదరాబాద్ కొత్తపేటలో మా ఇంట్లోనే ఉంటుంది. నేను రోజూ విక్టోరియా మెమోరియల్ స్టేషన్లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో ఆఫీసుకు వెళ్తాను. రెండేళ్ల కిందట నిద్ర పట్టక ఒక డాక్టరు దగ్గరికి వెళ్లి "టెన్షన్ సార్" అన్నాను. మూడు నిమిషాల్లో నిద్రమాత్ర రాసిచ్చారు. తప్పు ఆయనది కాదు, నేను చెప్పిన మాటకు ఆ మందే వస్తుంది. నాకు జరుగుతున్నది చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. తర్వాత ఒక కౌన్సెలర్ దగ్గర కొన్ని, చదువుకుంటూ కొన్ని దొరికాయి. ఒక్కో మాట దొరికినప్పుడల్లా ఇప్పుడేం చేయాలో కూడా కొంత తెలిసింది. ఆ దారినే మెట్టు మెట్టుగా రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లను చూసుకుంటూ ఉద్యోగం కూడా చేసేవాళ్లకు ఇది ఎక్కువగా పనికొస్తుంది.

మొదటి మెట్టు: వారం రోజులు రాయండి, పేరు మాత్రం పెట్టకండి

ఒక మామూలు నోటుపుస్తకం చాలు. ఫోన్లో వద్దు, ఫోన్ తెరిస్తే వేరే ఎక్కడికో వెళ్లిపోతాం. రోజుకు ఒక్కసారి, ఓపిక నశించిన ఆ ఘడియ గురించి నాలుగు సంగతులు రాయండి: టైమ్ ఎంత, దానికి ముందు ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, మీరేం చేశారు. "ఘోరంగా ఉంది", "నా ఖర్మ" లాంటివి వద్దు. జరిగింది జరిగినట్టు రాయండి. నా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది:

"మంగళవారం, రాత్రి 9:40. అమ్మ అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుంది, మింగదు. పది నిమిషాలు కూర్చున్నా. ఆఫీసు ఫోన్ రెండుసార్లు మోగింది. దవడలు బిగుసుకున్నాయి. గిన్నె తీసుకెళ్లి సింకులో గట్టిగా పడేశా. ఏడుపు రాలేదు. ఏమీ అనిపించలేదు."

ఆ చివరి మాటే నాకు తర్వాత పనికొచ్చింది. కోపం రావడం ఒక సంగతి, ఏమీ అనిపించకపోవడం ఇంకో సంగతి. వాటి పేర్లు వేరు, మందులూ వేరు.

బాధకు మాట పెట్టినంత మాత్రాన తగ్గుతుందా అని మీకు అనిపించవచ్చు. కొంత తగ్గుతుంది. లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ఒక పరిశోధన ప్రచురించింది. కోపం, భయం ఉన్న ముఖాల ఫొటోలు చూపించి, ఆ భావానికి పేరు ఎంచుకోమన్నారు. పేరు పెట్టినప్పుడు మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం తక్కువగా స్పందించింది. మన అమ్మమ్మలు "చెప్పుకుంటే బరువు దిగుతుంది" అన్నమాట ఊరికే రాలేదు.

రెండో మెట్టు: సెలవు పరీక్ష పెట్టుకోండి

వారం అయ్యాక పుస్తకం తిరగేసి ఒక ప్రశ్న వేసుకోండి: నాకు రెండు రోజులు పూర్తిగా సెలవు దొరికితే ఇది తగ్గుతుందా?

తగ్గుతుంది అనిపిస్తే అది ఒత్తిడి. పని ఎక్కువైంది, నిద్ర తక్కువైంది. "రెస్ట్ తీసుకో" అనే సలహా సరిగ్గా పనిచేసేది ఇక్కడే. సెలవు తర్వాత ఆఫీసు లిఫ్ట్ ఎక్కగానే మళ్లీ అదే బరువు ఛాతీ మీద కూర్చుంటే అది బర్నౌట్ (పని వల్ల లోపలంతా ఆరిపోవడం) కావచ్చు. ఆఫీసులోనూ ఇంట్లోనూ ఎక్కడా ఏదీ రుచించక, ఇష్టమైన పాట విన్నా, పిల్లలు నవ్వినా ఏమీ కదలక, రోజులో ఎక్కువ భాగం రెండు వారాలకు మించి ఇలాగే ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. అలా అనిపిస్తే మధ్యలో మెట్లన్నీ వదిలేసి చివరి మెట్టుకు వెళ్లండి, డాక్టర్ని కలవండి. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టే ఈ పరీక్ష అవసరం.

మూడో మెట్టు: ఆఫీసులో కాలుతున్నది ఏదో చూడండి

బర్నౌట్ అనే మాటను ఇప్పుడు ఎవరు పడితే వాళ్లు వాడుతున్నారు గానీ దానికి ఒక లెక్క ఉంది. న్యూయార్క్‌లో ఒక ఉచిత వైద్యశాలలో పనిచేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో ఈ మాటతో వ్యాసం రాశారు. సేవాభావంతో వచ్చిన వాలంటీర్లు కొన్ని నెలలకే ఆరిపోయిన దీపాల్లా అయిపోవడం ఆయన చూశారు, తనలోనూ చూసుకున్నారు. తర్వాత క్రిస్టినా మస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. అందులో మూడు గుర్తులు: లోపల ఏమీ మిగలనంత అలసట, మనుషుల పట్ల మొద్దుబారడం, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో బర్నౌట్‌ను జబ్బుగా చెప్పలేదు, పని వల్ల వచ్చే పరిస్థితిగా చెప్పింది. ఈ తేడా ముఖ్యం. లోపం మీలో ఉందని అర్థం కాదు, మీ పని జరిగే తీరును చూడాలని అర్థం.

ఎక్కడ చూడాలి? మస్లాక్, ఆమెతో కలిసి పనిచేసిన మైకేల్ లీటర్ ఆరు చోట్లు చెప్పారు: పని మోత, మన చేతిలో ఉండే నియంత్రణ, గుర్తింపు, తోటివాళ్లతో పొత్తు, న్యాయం, విలువలు. ఈ ఆరూ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికీ పదికి ఎన్ని మార్కులో వేసుకోండి. నేను పని మోతే నా సమస్య అనుకున్నాను. మార్కులు వేసి చూస్తే దానికి ఆరు వచ్చాయి, నియంత్రణకు రెండే వచ్చాయి. సాయంత్రం ఆరున్నరకు పెట్టే కాల్ తొమ్మిదికి మారుతుందో పదికి మారుతుందో ఎవరూ ముందు చెప్పరు. అమ్మను చూసుకునే ఆయాను ఎంతసేపు ఉండమనాలో నాకు తెలియదు. నన్ను తినేసింది అదే.

కాబట్టి మేనేజర్‌తో "నాకు బర్నౌట్" అనకండి. ఆ మాటకు సానుభూతి దొరుకుతుంది, మార్పు దొరకదు. తక్కువ మార్కులు వచ్చిన దాన్ని ఒక్కటి పట్టుకుని అడగండి. నేను అడిగింది ఇది: "వారంలో మూడు రోజులు కాల్స్ ఎనిమిదికి ముగిసేలా ముందే చెప్పండి. మిగతా రెండు రోజులు ఎంత ఆలస్యమైనా ఉంటాను." మూడు అడిగితే రెండు ఇచ్చారు. ఆ రెండు రోజులు నాకు ఊపిరి.

ఇంకో మాట కూడా తెలుసుకోవాలి, ముఖ్యంగా రిసెప్షన్లో, కాల్ సెంటర్లో, ఆసుపత్రిలో, చీరల షాపులో పనిచేసేవాళ్లు. భావ శ్రమ. ఇంగ్లీషులో ఇమోషనల్ లేబర్ అంటారు. అమెరికన్ సామాజికవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లను గమనించి దీని గురించి రాశారు. నవ్వు రాకపోయినా నవ్వాలి, జీతంలో ఆ నవ్వు కూడా భాగం. కొనేది లేదని తెలిసీ నలభై చీరలు విప్పి చూపించి, "పర్వాలేదమ్మా, మళ్లీ రండి" అనే సేల్స్ అబ్బాయి కాళ్లతో పాటు ముఖం కూడా అలసిపోతుంది. దీనికి నేను చూసిన మందు చిన్నది. పని అయ్యాక పదిహేను నిమిషాలు ఎవరికీ ఏ ముఖమూ చూపించక్కర్లేని చోట ఉండండి. నాకు అది అమీర్‌పేటలో రైలు మారాక దొరికే ప్రయాణం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాను, పాట పెట్టను. పలకరించేవాళ్లు ఉండరు.

నాలుగో మెట్టు: ఇంట్లో "సాయం" అడగడం మానేయండి

ఆఫీసు నుంచి వచ్చాక మొదలయ్యే ఇంటిపనికి హాక్‌షీల్డే 1989లో రెండో షిఫ్టు అని పేరు పెట్టారు. మన ఇళ్లలో ఇది అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. కాకపోతే చేతులు చేసే పని కన్నా తల మోసే పని బరువు. గ్యాస్ ఎప్పుడు బుక్ చేశాం, అమ్మ బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి, డైపర్ల ప్యాకెట్ ఎప్పటికి అయిపోతుంది, పాప స్కూల్ ఫీజు ఆఖరు తేదీ ఏది. ఇది ఆలోచన భారం. ఇంగ్లీషులో మెంటల్ లోడ్.

"నువ్వు చెప్తే చేస్తాను కదా" అనే మాట దీన్ని తగ్గించదు. గుర్తుపెట్టుకుని చెప్పడం కూడా మీ పనే అవుతుంది. ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా అప్పగించండి. మా ఇంట్లో మందులు పూర్తిగా మా ఆయనవి. చీటీ భద్రపరచడం, ఎన్ని మిగిలాయో చూడడం, కొనడం, ఆదివారం రాత్రి డబ్బాలో సర్దడం అన్నీ ఆయనే. మొదటి నెలలో ఒకసారి మాత్ర అయిపోయింది. నేను పరుగెత్తి తేకుండా ఆగడం చాలా కష్టమైంది. ఆయనే రాత్రి పదకొండుకు వెళ్లి తెచ్చారు, ఆ తర్వాత ఎప్పుడూ అయిపోలేదు.

ఇంట్లో పిల్లలుంటే ఒక్క నిమిషం వాళ్ల వైపు కూడా చూడండి. మా పాపకు పదకొండేళ్లు. ఒక సాయంత్రం కింద పిల్లలు పిలుస్తున్నా వెళ్లలేదు. ఎందుకని అడిగితే "అమ్మమ్మ దగ్గర ఎవరుంటారు?" అంది. అప్పటిదాకా నేను "మా బంగారు తల్లి, ఎంత పెద్దరికమో" అని మురిసిపోయాను. పిల్లల మీద పెద్దవాళ్ల బాధ్యత పడడానికి మనస్తత్వ శాస్త్రంలో పేరెంటిఫికేషన్ అని పేరుంది. పిల్లలు ఇంట్లో చేయి కలపడం మంచిదే. వద్దని చెప్పే వీలు వాళ్లకు ఉందా, ఆట మానేస్తున్నారా అన్నదే చూడాలి. ఆ రోజు నుంచి ఐదున్నర నుంచి ఏడు దాకా పాపకు డ్యూటీ లేదు.

ఐదో మెట్టు: సేవ చేసే మనిషికి ఏం జరుగుతోందో పేరు పెట్టండి

ఇక్కడ నిదానంగా వెళ్దాం. ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. అమ్మానాన్నలకు చేసే సేవ గురించి అలసిపోయానని అనడమే పాపమన్నట్టు పెరిగాం మనం.

మొదటి మాట సంరక్షణ భారం. ఇది ఎంతుందో తెలుసుకోవడానికి స్టీవెన్ జారిట్ 1980లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. ఇప్పుడు ఎక్కువగా వాడే రూపంలో 22 ప్రశ్నలు ఉంటాయి. మీకంటూ సమయం మిగలడం లేదా, ఆ మనిషి పక్కన ఉన్నప్పుడు కోపం వస్తోందా, మీ ఆరోగ్యం దెబ్బతిందా, ఇంతకన్నా బాగా చూసుకోవాలి అనిపిస్తోందా, ఇలాంటివి. ఒక్కోదానికీ 0 నుంచి 4 దాకా వేసుకోవాలి. నేను ఆ ప్రశ్నలు మొదటిసారి కౌన్సెలర్ ముందు చదివినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. మార్కుల వల్ల కాదు. నా మనసులో ఎవరికీ చెప్పని మాటలు, ఎక్కడో అమెరికాలో ఒకాయన నలభై ఏళ్ల కిందటే ప్రశ్నలుగా రాసిపెట్టాడు. అంటే ఇది నా ఒక్కదాని దుర్మార్గం కాదు.

రెండోది కరుణ అలసట, కంపాషన్ ఫెటీగ్. 1992లో కార్లా జాయిన్సన్ నర్సుల గురించి రాస్తూ ఈ మాట వాడారు, 1995లో చార్లెస్ ఫిగ్లీ దీని మీద విస్తృతంగా రాశారు. బర్నౌట్ పని తీరు వల్ల వస్తుంది. ఇది ఇంకొకరి బాధను రోజూ దగ్గరగా చూడడం వల్ల వస్తుంది. నా పుస్తకంలోని "ఏమీ అనిపించలేదు" అదే. ప్రేమ పోయిందని భయపడ్డాను. మనసు తనను తాను కాపాడుకోవడానికి మొద్దుబారింది, అంతే. దీనికి సెలవు ఒక్కటే సరిపోదు, ఆ మనిషితో బాధ లేని ఘడియ ఒకటి కావాలి. నేను రోజూ పది నిమిషాలు అమ్మ తలకు కొబ్బరినూనె రాసి జడ వేస్తాను. ఆ పది నిమిషాల్లో మందు మింగించడం, అన్నం పెట్టడం, తడి బట్ట మార్చడం ఏదీ ఉండదు. ఆమె కళ్లు మూసుకుంటుంది. ఒక్కోసారి ఏదో కూనిరాగం తీస్తుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ఆలస్యంగా దొరికింది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. అమ్మ తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని రోడ్డు వైపే చూస్తోంది. నన్ను చూసి "మా బిడ్డ ఇంకా రాలేదమ్మా, చీకటి పడ్డది" అంది. నేనే అమ్మా అన్నాను. "నువ్వు కాదు, మా బిడ్డ" అంది. ఆ రాత్రి నేను పడిన బాధను ఎవరికి చెప్పినా "ఇంకా అమ్మ ఉంది కదా, అదృష్టం" అన్నారు. ఉంది, నిజమే. నన్ను కన్నట్టు గుర్తున్న అమ్మ మాత్రం లేదు.

దీన్ని మిన్నెసోటా యూనివర్సిటీకి చెందిన పౌలీన్ బాస్ ఆంబిగ్యువస్ లాస్ అన్నారు. తెలుగులో తేలని ఎడబాటు అని నేను అనుకుంటాను. వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలను 1970ల్లో గమనిస్తూ ఆమె ఈ ఆలోచనకు వచ్చారు. ఇందులో రెండు రకాలు. మనిషి లేడు కానీ మనసులో ఉన్నాడు, చావు కబురు రాలేదు. లేదా మనిషి ఎదురుగా ఉన్నాడు కానీ ఆ మనిషి లేడు, డిమెన్షియాలో లాగా. పోయినవాళ్లకు పదకొండో రోజు ఉంది, సంవత్సరీకం ఉంది, వచ్చి పరామర్శించేవాళ్లున్నారు. దీనికి ఏ కర్మకాండా లేదు. అందుకే దుఃఖం ఒడ్డు చేరదు.

బాస్ చెప్పే దారి, రెండింట్లో ఒకటి తేల్చుకోవాలనే పట్టు వదిలేయడం. "అమ్మ ఉంది, అమ్మ వెళ్లిపోయింది" అనే రెండు మాటలనూ కలిపి ఒకే వాక్యంలో పెట్టుకోవడం. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. ఒకసారి కాగితం మీద మీ చేత్తో రాసి చూడండి. ఇప్పుడు అమ్మ "మా బిడ్డ రాలేదు" అంటే నేను వాదించను. "వస్తుందమ్మా, దారిలో ఉందట, అందాక మనం చాయ్ తాగుదామా?" అంటాను. ఇద్దరం తాగుతాం.

పోకముందే పోయినట్టు ఏడుపు రావడం కూడా ఉంటుంది. అది ముందస్తు దుఃఖం. 1944లోనే ఎరిక్ లిండెమన్ అనే మానసిక వైద్యుడు, యుద్ధానికి వెళ్లినవాళ్ల ఇళ్లలో దీని గురించి రాశారు. అమ్మ బతికుండగానే ఇదేం ఆలోచన అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

పేర్లు తెలిశాక చేయాల్సిన పని ఒకటుంది: విరామ సేవ ఏర్పాటు, అంటే రెస్పైట్. మీ చోట ఇంకొకరు కొన్ని గంటలు, లెక్క ప్రకారం ఉండడం. వారంలోని ఏడు రోజులనూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రిగా విడదీస్తే 28 గడులు వస్తాయి. ఎవరు ఎన్ని గడుల్లో ఉంటున్నారో పేర్లు రాయండి. మా కాగితంలో 17 గడుల్లో నా పేరే ఉంది, 11 గడుల్లో ఆయా, మా ఆయన. వరంగల్‌లో ఉండే మా తమ్ముడి పేరు ఒక్కదాంట్లోనూ లేదు. గొడవ పెట్టుకోకుండా ఆ కాగితం ఫొటో తీసి వాడికి పంపాను. కింద ఒక్కటే రాశాను: "ఇందులో నువ్వు ఏ గడి తీసుకోగలవు? రాలేకపోతే ఏ గడికి మనిషిని పెట్టే డబ్బులు పంపగలవు?" "నువ్వెప్పుడూ పట్టించుకోవు" అని నాలుగేళ్లు అన్నా కదలనివాడు, ఆ కాగితం చూసి అరగంటలో ఫోన్ చేశాడు. "అక్కా, రెండో శనివారం నేనొస్తా. రాత్రికి కూడా ఉంటా."

ఆరో మెట్టు: గొడవలో ఏ మాట ఏదో గుర్తుపట్టండి

ఇంట్లో జబ్బు మనిషి ఉంటే భార్యాభర్తల మధ్య మాటలు కరుకు తేలతాయి. అమెరికాలో దంపతుల మాటలను రికార్డు చేసి దశాబ్దాల పాటు పరిశీలించిన జాన్ గాట్‌మన్ నాలుగు ప్రమాదకరమైన అలవాట్లు చెప్పారు: నిందించడం, చులకన చేయడం, తనను తాను సమర్థించుకోవడం, మాట్లాడకుండా గోడలా అయిపోవడం (ఇంగ్లీషులో స్టోన్‌వాలింగ్). వీటిలో చులకన అన్నిటికన్నా చెడ్డదని ఆయన తేల్చారు.

తేడా మాటల్లోనే పట్టుకోవచ్చు. "నిన్న బిల్లు కడతానన్నారు, కట్టలేదు" అనేది ఫిర్యాదు, అది ఉండాల్సిందే. "మీకెప్పుడూ ఇంటి పట్టింపు లేదు" అనేది నింద, జరిగిన పని నుంచి మనిషి మీదికి వెళ్లింది. "మీ ఇంట్లో అందరూ ఇంతే" అనేది చులకన. మూడో మాట నాలుక చివరికి వచ్చినప్పుడు దాన్ని మొదటి మాటగా మార్చి అనడం రోజూ సాధన చేయాల్సిన పని. నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

గోడలా అయిపోయేవాళ్లను మొండివాళ్లు అనుకుంటాం. చాలాసార్లు లోపల గుండె దడదడలాడుతూ, ఏం విన్నా బుర్రకెక్కని స్థితిలో ఉంటారు. అలాంటప్పుడు కనీసం 20 నిమిషాలు ఆగమని గాట్‌మన్ చెప్పారు. కాకపోతే తలుపు ధడేల్మని వేసి వెళ్లిపోవడం విరామం కాదు. "ఇప్పుడు మాట్లాడలేను, తొమ్మిదింటికి కూర్చుందాం" అని చెప్పి వెళ్లాలి, తొమ్మిదింటికి కూర్చోవాలి.

హద్దు అనే మాట కూడా సరిగ్గా వాడాలి. "నువ్వు అరవకూడదు" అనేది హద్దు కాదు, ఆజ్ఞ. "నువ్వు అరిస్తే నేను ఫోన్ పెట్టేస్తాను, రేపు మాట్లాడతాను" అనేది హద్దు. అందులో చేసేది మీరే కాబట్టి నిలబెట్టుకోవడం మీ చేతిలో ఉంటుంది.

ఇవన్నీ కొట్టుకోని ఇళ్లకు. చేయి లేస్తుంటే, బయటికి పోనివ్వకపోతే, డబ్బు చేతికి రానివ్వకపోతే అది మాటతీరు సమస్య కాదు, హింస. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో ఇలాంటి మహిళలకు సాయం చేసే పోలీసుల భరోసా కేంద్రం ఉంది. 2005 గృహహింస చట్టం ఉంది.

ఏడో మెట్టు: తట్టుకునే దారి సరైనదేనా చూసుకోండి

మనస్తత్వవేత్తలు రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ 1984లో తట్టుకునే దారులను రెండుగా చెప్పారు. ఒకటి సమస్యను మార్చడం, రెండోది సమస్య వల్ల కలిగే బాధను చూసుకోవడం. రెండూ మంచివే. ఒకదాని చోట ఇంకోటి వాడితేనే చిక్కు.

అమ్మ జబ్బు నయం కాదు. నేను మాత్రం నెలల తరబడి అర్ధరాత్రి దాకా ఫోన్లో కొత్త మందు ఏదైనా వచ్చిందా అని వెతికాను. మారని దాన్ని మార్చబోయాను. మరోవైపు ఆయా వారానికి రెండు రోజులు చెప్పకుండా మానేస్తుంటే ఏడుస్తూ కూర్చున్నాను. అది మార్చగలిగింది, ఇంకో మనిషిని మాట్లాడి పెట్టుకుంటే పోయేది. మీ పుస్తకంలోని ఒక్కో సంఘటన పక్కన "మారుతుంది", "మారదు" అని రాయండి. మారేదానికి ఈ వారం చేసే ఒక పని రాయండి. మారనిదానికి బాధ దించుకునే దారి రాయండి: నడక, ప్రార్థన, స్నేహితురాలితో మాట, తలుపేసుకుని ఏడుపు, ఏదైనా.

ఇంకో ఉచ్చు నెమరువేత, ఇంగ్లీషులో రూమినేషన్. దీని మీద ఎక్కువ పరిశోధన చేసినవారు సూసన్ నోలెన్ హోక్సెమా. జరిగిందే మళ్లీ మళ్లీ తిప్పుకోవడం ఆలోచించినట్టే ఉంటుంది, కానీ డిప్రెషన్‌ను పెంచుతుంది. ఆవు నెమరువేస్తే అరుగుతుంది, మనసు నెమరువేస్తే పుండు పెద్దదవుతుంది. ఒక సంగతి మీద ఇరవై నిమిషాలు ఆలోచించాక చేయాల్సిన పని ఒక్కటైనా తేలకపోతే, లేచి చేతులకు పని పెట్టండి. చిక్కుడుకాయలు ఈనెలు తీసినా చాలు.

చివరి మెట్టు: మాటను చెప్పాల్సినచోట చెప్పండి

డాక్టరు దగ్గరికి "టెన్షన్" అని వెళ్లకండి. ఇలా చెప్పండి: "మా అమ్మను నాలుగేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. ఆరు వారాలుగా రాత్రి మూడింటికి మెలకువ వస్తోంది. ఏదీ ఇష్టంగా లేదు. ఇద్దరు మనుషుల మీద అరిచాను. ఇది సంరక్షణ భారమా, డిప్రెషనా చూడండి." నోటుపుస్తకం చేతిలో పెట్టండి.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మాటల చికిత్స చేస్తారు. వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో తప్పు లేదు. మన ఊళ్లో "ఎర్రగడ్డకు తీసుకెళ్లాలి" అనేది ఒక తిట్టు. ఆ ఎర్రగడ్డలో ఉన్నది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, ప్రభుత్వ ఆసుపత్రి. ఆ తిట్టు వల్ల ఎంతమంది దాని గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి ఉంటారో అని నాకు చాలా బాధగా ఉంటుంది. బయటికి వెళ్లే వీలు లేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్లకు సంబంధించిన ఇబ్బందులకు 14567 ఉంది. చచ్చిపోవాలని ఒక్కసారి అనిపించినా, లేక మీరు చూసుకునే మనిషిని ఏమైనా చేసేస్తానేమో అని భయం వేసినా, అదే రోజు చెప్పండి. ఇంట్లో ఒకరికి, 14416కు, ఇద్దరికీ.

ఒక జాగ్రత్త. ఈ మాటలు మీకు మీరు పెట్టుకోవడానికి. ఎదుటివాళ్ల మీద విసరడానికి కాదు. "మీరు స్టోన్‌వాల్ చేస్తున్నారు", "అత్తమ్మది నార్సిసిజం (అంతా తన గురించే అనుకోవడం)" అంటే మాట ఆయుధమైపోతుంది, వినేవాళ్లు చెవులు మూసుకుంటారు. ఎవరైనా అదే బాధలో ఉండి దానికి పేరు తెలియక తల్లడిల్లుతుంటే మాత్రం మెల్లగా అందించండి.

పోయిన రెండో శనివారం తమ్ముడు వచ్చాడు. అమ్మ పక్కన కూర్చుని బత్తాయి తొనలు ఒలిచి పెడుతున్నాడు. అమ్మ రెండు తొనలు తిని, వాడి ముఖం చాలాసేపు చూసి, "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగింది. వాడు వంటింట్లోకి వచ్చి సింకు దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. చేతులు కడుగుతున్నట్టు కుళాయి తిప్పి వదిలేశాడు. నేను పక్కకు వెళ్లి కుళాయి కట్టేసి, వాడి భుజం మీద చేయి వేసి, దానికి ఒక పేరుంది రా అన్నాను. తేలని ఎడబాటు. వాడు తడి చేత్తోనే ఫోన్ తీసి ఆ మాట రాసుకున్నాడు.